ఇవ్వని వాంగ్మూలం

2005 నవంబరులో ఒక రాత్రి హైదరాబాదు నుంచి సాంగ్లీకి బయల్దేరిన ప్రైవేటు బస్సులో సొహ్రాబుద్దీన్ షేక్, అతని భార్య కౌసర్ బీ, తులసీరామ్ ప్రజాపతి అనే ముగ్గురున్నారు. ఆ బస్సు పోయే దారి మా రుద్రారం ముందునుంచి వెళ్లే బొంబాయి రోడ్డే. ఇప్పుడు దాని నంబరు 65, అప్పుడు 9. సీబీఐ అభియోగం ప్రకారం గుజరాత్ పోలీసులు దారిలో బస్సు ఆపి ముగ్గురినీ దించి తీసుకుపోయారు. నవంబరు 26న అహ్మదాబాదు దగ్గర సొహ్రాబుద్దీన్ ఎన్‌కౌంటర్లో చనిపోయాడన్నారు. కౌసర్ బీ మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఏడాది తర్వాత, 2006 డిసెంబరులో, ప్రజాపతి కూడా ఇంకో ఎన్‌కౌంటర్లో పోయాడు. ఆ ఇద్దరికీ ఏం జరిగిందో చూసినవాడు కాబట్టే అతన్నీ తీసేశారన్నది సీబీఐ వాదన. అది కోర్టులో నిలబడలేదు. 210 మంది సాక్షుల్ని విచారిస్తే 92 మంది అడ్డం తిరిగారు. 2018 డిసెంబరు 21న ముంబయి ప్రత్యేక కోర్టు 22 మంది నిందితులనూ విడిచిపెట్టింది.

సొహ్రాబుద్దీన్ మంచివాడేం కాదని వెంటనే ఎవరో ఒకరు అంటారు. నిజమే, మీద కేసులున్నవాడే. మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది: వాడు బతకడానికి తగినవాడా, కాదా. నా ప్రశ్న వేరు. వాడికి తెలిసిన సంగతులు ఎవరివి?

ఆ కేసు నడుస్తున్న రోజుల్లోనే పత్రికల్లో ఒక తెలుగు ఊరివాడి పేరు కూడా వచ్చింది. సొహ్రాబుద్దీన్‌కి హైదరాబాదులో ఆశ్రయమిచ్చింది భువనగిరి నయీమేనని రాశారు. నయీం కథ ఇప్పటికే చాలామందికి తెలుసు గానీ దాని వరస ఒకసారి చూడాలి. కుర్రతనంలో నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లాడు. 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ని కాల్చి చంపిన కేసులో నిందితుడయ్యాడు. వ్యాస్ అంటే గ్రేహౌండ్స్ దళాన్ని తయారుచేసిన అధికారి. జైల్లో ఉండగా నయీంకి పార్టీతో చెడింది. బయటికొచ్చేసరికి అదే పోలీసులకి సమాచారం ఇచ్చే మనిషి. తమ అధికారిని చంపిన కేసులో ఉన్నవాడిని పోలీసులు చేరదీశారంటే, వాడి దగ్గర వాళ్లకి కావలసిందేదో ఉందన్నమాట.

తర్వాతి కాలం హత్యల పేర్లు తెలంగాణ మర్చిపోలేదు. 1999లో భువనగిరి గాయని బెల్లి లలిత. 2000 నవంబరులో పౌరహక్కుల సంఘం పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్లగొండ ఆజం అలీ. వీటి వెనక నయీం ఉన్నాడని హక్కుల సంఘాలు అప్పట్నించీ చెబుతూనే వచ్చాయి. గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రాస్ లాంటి పేర్లతో ప్రకటనలు వచ్చేవి. అడవిలో ఉండే పాములు పట్నం నడిబొడ్డున కాటేసి ఎటు పోతున్నాయని అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు. హక్కుల సంఘాల వాళ్లు అయిపోయాక భూముల వంతు వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు, ప్లాట్లు, వెంచర్లు. ఫోన్ వస్తుంది, అడిగినంత ఇవ్వాలి, లేదా సంతకం పెట్టాలి. దాన్ని సెటిల్మెంట్ అనేవారు. ఎంత చల్లటి మాట!

2016 ఆగస్టు 8న షాద్‌నగర్ మిలీనియం టౌన్‌షిప్‌లో నయీం ఎన్‌కౌంటరయ్యాడు. ఆయుధాలు, నగదు, భూముల పత్రాలు, డైరీలు దొరికాయన్నారు. ఐజీ నాగిరెడ్డి ఆధ్వర్యంలో సిట్ వేశారు.

ఇక్కడ ఒక మాటకి నేను చోటివ్వాలి. రుద్రారంలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర కలిసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పటాన్‌చెరు కంపెనీలో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. ఎన్‌కౌంటర్ల గురించి నా వాదనంతా ఓపిగ్గా విని ఒకరోజు అన్నాడు: "మీరు చదువుకున్నోళ్లు సార్, మీ లెక్క మీకుంటది. మా బామ్మర్దికి భువనగిరి దిక్కు ఒక ప్లాటుండె. నయీం మనుషులమని ఫోనొచ్చింది. నెల రోజులు నిద్ర పోలే. ఆ పొద్దు టీవీల జూసినంక అన్నం తిని పండుకున్నడు. మల్ల పొద్దుగాల లేసిండు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక మనిషికి నిద్ర పట్టడం చిన్న సంగతి కాదు, దాన్ని రాజ్యాంగంలోని అధికరణాలతో కొట్టిపారేసే వ్యాసాలంటే నాకు చిరాకు. పైగా ఆయన మాటలో ఇంకో నిజం కూడా ఉంది. నయీం బతికున్నన్నాళ్లూ స్టేషన్ మెట్లెక్కనివాళ్లు వాడు పోయాక ఫిర్యాదులు పట్టుకుని వచ్చారు. వాడి చావు చాలామంది నోళ్లు తెరిపించింది. కోర్టులు ఏళ్లపాటు చేయలేని పనిని ఒక తెల్లవారుజాము చేసింది అని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

కాకపోతే తెరుచుకున్న నోళ్లు ఎవరివి? ఫోను అందుకున్నవాళ్లవి, సంతకం పెట్టినవాళ్లవి. నన్నెవరు బెదిరించారో వాళ్లు చెప్పగలరు. ఆ బెదిరించినవాడికి ధైర్యం ఎవరిచ్చారో వాళ్లకెలా తెలుస్తుంది? ఫలానా రోజు ఏ అధికారి ఫోన్ చేసి ఏ పని అప్పజెప్పాడు, ఏ నాయకుడి వెంచర్‌కి ఎంత వాటా, వ్యాస్ హత్య కేసు నిందితుడు పదిహేనేళ్లు ఎవరి నీడలో తిరిగాడు — ఈ సంగతులు తెలిసిన మనిషి మిలీనియం టౌన్‌షిప్‌లో పడి ఉన్నాడు. 2017 మే నెలలో అయిదుగురు పోలీసు అధికారుల్ని సస్పెండ్ చేశారు, తర్వాత ఆ సస్పెన్షన్లు ఎత్తేశారు. ఆరోపణలు వచ్చిన 25 మంది పోలీసు అధికారుల మీద ఆధారాల్లేవని 2020లో సిట్ తేల్చింది. నేను వాళ్లని దోషులనడం లేదు. వాళ్లలో నిజంగా ఏ పాపం ఎరగనివాళ్లు ఉంటే ఆ సంగతి కూడా ఇక ఎన్నటికీ రుజువు కాదు. ఆధారాల్లేవు అనే మాటకి, నిర్దోషి అనే మాటకి మధ్య ఉండే ఆ మసక చోటులో వాళ్లు జీవితాంతం ఉండాల్సిందే.

ఎన్‌కౌంటర్ని మనం శిక్ష అనుకుంటున్నాం. నిందితుడి హక్కుల వైపునుంచే దాన్ని ఎప్పుడూ ప్రశ్నిస్తున్నాం, అందుకే టీ కొట్టు దగ్గర ఓడిపోతున్నాం. బాధితుడి వైపునుంచి చూడాలి. బెల్లి లలిత పిల్లలకి కావలసింది ఒక శవమా? తమ తల్లిని ఎవరు చంపమన్నారో తెలియడమా? చంపినవాడు పోయాడు, చంపమన్న మాట కూడా వాడితోనే పోయింది. ఇది నిందితుడికి జరిగిన అన్యాయం కంటే ముందు బాధితులకి జరిగిన అన్యాయం.

రామాయణంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఘట్టం వాలివధ. చెట్టు చాటునుంచి బాణం వేయడం గురించి అందరూ మాట్లాడతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది, బాణం దిగాక కూడా వాలి వెంటనే చావకపోవడం. పడిపోయినవాడు లేచి రాముణ్ని నిలదీస్తాడు, నీకూ నాకూ ఏం పగ అని అడుగుతాడు. రాముడు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబు సరిపోయిందా లేదా అని మన పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. అసలు ఆ సంభాషణ జరిగింది కదా! చాటునుంచి కొట్టినవాడు ఎదుటికి రాక తప్పలేదు.

ఇది మన ఒక్కళ్ల గొడవా అంటే కాదు. హైతీ రాజధానిని గుప్పిట్లో పెట్టుకున్న ముఠాల నాయకుల్లో పేరుమోసినవాడు జిమ్మీ షెరిజియే, జనం పిలిచే పేరు బార్బెక్యూ. అతను మాజీ పోలీసు. 2018లో లా సాలీన్ అనే పేటలో జరిగిన ఊచకోతలో అతని పేరు వచ్చినప్పటికి ఇంకా యూనిఫారంలోనే ఉన్నాడు. కంచే చేను మేయడం అనే సామెత వాళ్ల భాషలో ఎలా ఉంటుందో. జమైకాది మరీ దగ్గరి పోలిక. కింగ్‌స్టన్‌లోని టివోలీ గార్డెన్స్ ఒక రాజకీయ పార్టీకి కంచుకోట, అక్కడి ముఠా నాయకుడు లెస్టర్ కోక్ ఆ పార్టీకి కావలసినవాడు. అమెరికాకి అప్పగించే సమయం దగ్గరపడ్డాక, 1992లో, జైలు గదిలో మంటలంటుకుని చనిపోయాడు. తర్వాత కొడుకు క్రిస్టఫర్ కోక్ గద్దెక్కాడు. 2010 మే నెలలో అతన్ని పట్టుకోవడానికి సైన్యం ఆ పేట మీద పడితే డెబ్బై మంది దాకా చనిపోయారు. అతను మాత్రం అక్కడ దొరకలేదు, నెల తర్వాత రోడ్డు మీద తనిఖీలో దొరికాడు. ప్రాణాలతోనే అమెరికా చేరి, నేరం ఒప్పుకుని, 23 ఏళ్ల శిక్ష పడి కూర్చున్నాడు. నేరం ఒప్పుకోవడంతో పూర్తి విచారణ అక్కర్లేకపోయింది.

కాబట్టి బతికున్నంత మాత్రాన ముఠా నాయకుడు అన్నీ కక్కేస్తాడని నేను చెప్పబోవడం లేదు. కక్కకపోవచ్చు. కానీ వాడు బతికున్నంతకాలం ఎప్పుడు నోరు విప్పుతాడో అని పైనున్నవాళ్లకి గుబులుంటుంది. వాళ్ల నిద్ర సంగతి కూడా మనం ఆలోచించాలి కదా. పెద్దమనిషి బామ్మర్దికి నిద్ర పట్టిన రాత్రి, ఇంకెంతమంది హాయిగా పడుకున్నారో.

చట్టం లేక కాదు. ఎన్‌కౌంటర్ చావుల మీద సుప్రీంకోర్టు 2014లో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. కేసు కట్టాలి, వేరే బృందం దర్యాప్తు చేయాలి, సంఘటన జరగ్గానే పదోన్నతులు, పతకాలు ఇవ్వకూడదు. నయీం చనిపోయింది వాటి తర్వాతే. 2019 డిసెంబరు 6న అదే షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ చనిపోయిందీ వాటి తర్వాతే. ఆ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది: నలుగురిలో ముగ్గురు మైనర్లు, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలి. అప్పటికి పూలు వాడిపోయి రెండున్నరేళ్లయింది.

మా జిల్లాలో ముఠాలు అంటే ఇప్పుడు ఆల్ప్రాజోలం. కల్లులో కలిపే మత్తుమందు. మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్లలో, ఊరవతల ఫారాల్లో దాన్ని తయారుచేస్తూ పట్టుబడ్డ వార్తలు పేపర్లో తరచూ వస్తాయి. ఫొటోలో నిలబెట్టేది ఎవరిని? రియాక్టర్ దగ్గర పనిచేసిన కెమిస్టుని, డబ్బాలు మోసిన డ్రైవర్ని. ముడిసరుకు ఎవరు అమ్మారు, పెట్టుబడి ఎవరిది, షెడ్డు కిరాయికిచ్చింది ఎవరు అనేది ఆ ఫొటోలో కనిపించదు. అది ఆ కుర్రాళ్ల నోట్లోంచే రావాలి.

మొన్న పేపర్లో అలాంటి వార్త చూపించి పెద్దమనిషి, "ఈళ్లను గూడ అట్లనే లేపెయ్యాలె సార్" అన్నాడు.

"లేపేస్తే షెడ్డు ఎవరిదో ఎవరు చెప్తరన్నా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "షెడ్డు ఎవరిదో ఊరందరికి ఎరుకే సార్. కోర్టుల ఎవడు చెప్తడు?"