బయట గాలొస్తది

మా ఊర్లో చాయ్ హోటలుకు లోపల బల్లలుండేవి. బయట చెట్టు కింద ఒక రాయి ఉండేది. రాయి మాది. మా గిలాసలు చూరులో చెక్కి ఉండేవి. నాయిన అందులో ఒకటి తీసి, తానే కడుక్కొని పట్టుకుంటే హోటలాయన పైనుంచి పోసేటోడు. పైసలు అరుగు మీద పెట్టాలె. తాగినంక గిలాస మళ్ల కడిగి చూరులో పెట్టాలె. నాకప్పుడు ఆరేండ్లు. "లోపటికి పోదాం నాయినా" అన్న. నాయిన చాయ్ ఊదుకుంట "బయట గాలొస్తది బిడ్డా" అన్నడు.

అది అబద్ధమని తెలియడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

మొన్న ఎండాకాలం అమ్మ కంటి ఆపరేషన్ కోసం హైదరాబాదు వచ్చింది. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నం. దారిలో ఒక హోటలు. దాని బల్లలు, గొడుగులు, పూలకుండీలు ఫుట్‌పాత్ అంతా పరుచుకొని ఉన్నయి. అమ్మ చెయ్యి పట్టుకొని రోడ్డు మీదికి దిగినం. ఆటో ఒకటి ఆమె చీరకు రాసుకుంట పోయింది. అమ్మ ఆ బల్లల దిక్కు చూసి అడిగింది: "వీళ్లను లోపటికి రానియ్యరా కొడుకా?"

నేను నవ్విన. "అట్లేం లేదమ్మా. లోపల జాగున్నా కావాలని బయట కూసుంటరు" అని చెప్పిన.

"మరి మనమెందుకు రోడ్డు దిగినం?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నెల కింద అదే హోటలు ముందు నేనే కూర్చున్నాను. మా సంఘం మీటింగు అయిపోయి మిత్రులతో వచ్చిన. సర్వరు ఎక్కడ కూర్చుంటరు సార్ అనడిగితే "బయట్నే, గాలొస్తది" అన్నది నేనే. రోడ్లు ఊడ్చే అక్క చీపురు పట్టుకొని మా బల్ల దాకా వచ్చి ఆగింది. నేను కాళ్లు పైకెత్తిన. అదే పెద్ద మర్యాద అనుకున్న. లేచి కుర్చీ జరపాలని తోచలేదు. ఆమె రోడ్డు మీదికి దిగి పోయింది. మేము ఆత్మగౌరవం గురించి మాట్లాడుకుంటున్నం.

అంటరానితనమూ ఇదీ ఒకటేనని నేను అనడం లేదు. అట్లంటే మా నాయిన మోసిన అవమానాన్ని పలుచన చేసినట్టే. కానీ దారి అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి రాజబాట మీద పోవడమే తిరుగుబాటైంది. 1924లో వైకోంలో సత్యాగ్రహం నడిచింది గుడి చుట్టూ ఉన్న దారుల కోసం. 1927లో మహద్‌లో అంబేద్కర్ తాగింది ఊరుమ్మడి చెరువు నీళ్లు. ఉమ్మడిది అంటే అందరిదీ అని మనవాళ్లు దెబ్బలు తిని నేర్పారు. రాజ్యాంగం 15(2) అధికరణం చదవండి. హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అన్నీ ఒక్కచోటే ఉన్నయి. హోటల్లోకి పోయే హక్కు, బాట మీద నడిచే హక్కు రెండూ ఒకే వాక్యంలో పుట్టిన తోబుట్టువులు. నేను ఒకదాన్ని అనుభవిస్తూ రెండోదాన్ని ఇంకొకరికి లేకుండా చేసిన.

ఇక్కడ ఒక విద్యార్థి మిత్రుడు అడిగిండు: "మరి మిర్చిబండి, ఇడ్లీబండి సంగతేంది? అవీ ఫుట్‌పాత్ మీదనే కదన్నా?" న్యాయమైన ప్రశ్న. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమే అంది. ఫుట్‌పాత్ నడిచేవాళ్ల కోసమని కూడా అంది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్టిఫికెట్టు, వెండింగ్ జోను అంటూ బండ్లకు లెక్కలు కట్టింది. లారీ వచ్చి బండిని ఎత్తుకపోవడం మనం చూస్తనే ఉన్నం. పక్కన పూలకుండీ మాత్రం కదలదు. కుండీ అందమైతది, బండి ఆక్రమణ అయితది.

బండికీ బల్లకూ తేడా ఒక్కటే. బండికి లోపల లేదు. హోటలుకు లోపల ఉంది, అయినా బయట కావాలె. లేనోడు నిలబడ్డ జాగను, ఉన్నోడు పెంచుకున్న జాగను ఒకే తక్కెట్లో తూచలేం. అట్లని కళ్లు కనపడని మా అమ్మకు బండి తగిలినా బల్ల తగిలినా దెబ్బ ఒకటే. కాబట్టి మొదటి హక్కు నడిచే మనిషిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నిబంధనల ప్రకారం నడకకు కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలె. అంటే ఆరడుగులే. ఆ ఆరడుగులు వదిలినంక మిగిలిన జాగల ముందు వంతు లోపల లేనోడిది. హోటలుది అందరికంటే ఆఖరు.

తర్వాత మిత్రులతో మళ్ల అక్కడికే పోయిన. లోపల నిండింది, బయట కూసోండ్రి అన్నరు. ఆగుతమని చెప్పిన. బల్లలు దారి నుంచి తియ్యమని యజమానికి చెప్పిన. ఆయన నన్ను వింతగా చూసిండు. ఒక మిత్రుడు విసుక్కున్నడు. బల్లలు ఇంకా అక్కడ్నే ఉన్నయి.

మా నాయిన బయట ఉన్నది ఇంకొకరు ఉంచితే. నేను బయట కూర్చున్నది నా ఇష్టంతోని. ఆయన అబద్ధం కొడుకు మనసు నొవ్వొద్దని ఆడింది. అదే మాట నా నోట్లకెళ్లి వస్తే ఒక మనిషి రోడ్డు మీదికి దిగింది. ఇష్టం చేతిలో ఉన్నోనికే జవాబు చెప్పే బాధ్యత ఉంటది. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది హోటలాయన ఒక్కడే కాదు, నేను కూడా.