పెంపుడు బిడ్డ ఒడిలో పుస్తకం

దత్తతకు వచ్చిన బిడ్డ పాత మనుషుల ఎడబాటును మాటల్లో చెప్పలేక అన్నం పళ్లెం తోసేయడం, మంచం కింద దాక్కోవడం వంటి చేష్టలతో వెళ్లగక్కుతుంది. ఆ దుఃఖాన్ని కథలోని పాత్రపై ఉంచి మాట్లాడించే పద్ధతిని గ్రంథచికిత్స అంటారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకా బోధనలో కథకే పెద్దపీట వేశారు గనుక, గుజరాత్‌కు ఈ దారి కొత్తేమీ కాదు.

మగ్గాల పనికై సూరత్ చేరి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు పద్మశాలీల ఇంటికి వచ్చిన బిడ్డ అప్పటివరకు గుజరాతీయే విని ఉంటే, భాష మారడమూ ఒక ఎడబాటే అవుతుంది; అందుచేత తొలినాళ్లలో గుజరాతీ బొమ్మల పుస్తకమే మేలు.

యశోద కథ అందరూ చెబుతారు గానీ, కుంతి వదిలేయగా రాధ పెంచిన కర్ణుడి కథను పెద్దలు, బహుశా తమ భయం కొద్దీ, దాటవేస్తారు. బిడ్డ ఒకే పుటను మళ్లీమళ్లీ చదవమంటే, కారణం అడగకుండా చదవడమే ఉచితం. నిద్రలేమి, భయం వారాల తరబడి వదలకపోతే పుస్తకం చాలదు. 2022 దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్లపాటు ఆరునెలలకొకసారి బిడ్డ స్థితిగతులు పరిశీలించే సామాజిక కార్యకర్తకు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.