పోయిన జాతికి బదులు జాతి కలదా?

మన ఇండ్లలో సింహాద్రి అప్పన్నకు మ్రొక్కు చెల్లించునప్పుడు మనము చేతులు జోడించునది వరాహ నరసింహ స్వామికి. అడవిపందియు, సింహమును, నరుడును ఒకే మూర్తియందు కలిసి వెలసిన దైవ మాయన. భగవంతుడు భూమిని ఉద్ధరింపదలచినప్పుడు అడవిపంది రూపమును, భక్తుని రక్షింపదలచినప్పుడు సింహపు తలను, గోళ్లను ధరించెనని పెద్దలు మనకు చెప్పిరి. దేవుడు తనకు తగదని త్రోసివేయని రూపములను మనుష్యుడు భూమిమీద లేకుండ చేయుచున్నాడు. ఈ విషయమును జంతుశాస్త్రజ్ఞులకే విడిచిపెట్టరాదు. ధర్మము నెరుగగోరు ప్రతివాడును దీనిని విచారింపవలసియున్నది.

మన పురాణములు జీవరాసులు ఎనుబది నాలుగు లక్షలని లెక్కించినవి. నేటి శాస్త్రజ్ఞులు పిల్లలకు పాలిచ్చి పెంచు జంతువులను, అనగా క్షీరదములను, సుమారు 6,500 జాతులుగా గుర్తించియున్నారు. గత 500 సంవత్సరములలో ఎనుబదికి పైగా క్షీరద జాతులు పూర్తిగా అంతరించినవి. జాతికి లోపల మరల ఉపజాతులు కలవు. శ్రీకాకుళపు తెలుగు, నెల్లూరు తెలుగు, తెలంగాణపు తెలుగు వేర్వేరు భాషలు కావు గదా. అయినను విన్నవానికి తేడా తెలియును. ఉపజాతులును అట్టివే. అవి ఒకదానితో నొకటి కలిసి పిల్లలను కనగలవు. కాని ఒక్కొక్కటి తన నేలకు, తన చలికి, తన మేతకు తగినట్లు వేల ఏండ్లలో రూపొందినది.

ఇక్కడ ఒక ప్రశ్న తలయెత్తుచున్నది. ఒకచోట మనుష్యుడు ఒక ఉపజాతిని నశింపజేసి, పిమ్మట దాని దాయాదిని మరొకచోటినుండి తెచ్చి అక్కడ నిలిపినచో, అతని ఋణము తీరినట్లేనా?

నేను నివసించు బెంటన్‌విల్ పట్టణము అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలన, ఓజార్క్ కొండల ప్రాంతమున నున్నది. వాల్‌మార్ట్ సంస్థ ప్రధాన కార్యాలయ మిచ్చటనే యుండుటచే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఇక్కడ చాల కలవు. ఈ ఊరినుండి ఆగ్నేయముగా కారులో సుమారు రెండు గంటలు పోయినచో బఫెలో నది లోయ వచ్చును. శరదృతువున తెల్లవారుజామున ఆ లోయలోని పచ్చికబయళ్లలో ఎల్క్ అను పెద్ద దుప్పులు పొగమంచు నడుమ నిలిచి కనబడును. మగది మూడు వందల కిలోలకు పైగా తూగును. దాని కొమ్ములు చెట్టువలె శాఖోపశాఖలుగా పెరుగును. జోడుకట్టు ఋతువులో అది పెట్టు కూత కొండల నడుమ సన్నని ఈలవలె సాగి వినబడును. కుటుంబములు పిల్లలతో పోయి, బాట ప్రక్కన కార్లు నిలిపి, మాటలాడక చూచుచుందురు.

ఆ దుప్పులు ఈ నేలకు పాతవి కావు. పూర్వము ఇచ్చట తూర్పు ఎల్క్ అను ఉపజాతి నివసించెడిది. వలస వచ్చినవారు అడవులు నరికి, పొలములు వేసి, మాంసమునకును తోలునకును వేటాడగా, 1840 ప్రాంతమునకే అది ఆర్కన్సాలో కనుమరుగయ్యెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియకముందే అమెరికా తూర్పు భాగమంతటను నశించినది. 1933లో అటవీశాఖవారు రాకీ పర్వతముల ఉపజాతికి చెందిన పదునొకండు ఎల్క్‌లను ఫ్రాంక్లిన్ కౌంటీలో విడిచిరి. ఆ మంద కొంతకాలము పెరిగి, 1950 దశకము తరువాత కానరాలేదు. మరల 1981 నుండి 1985 వరకు రాష్ట్రపు వేట, మత్స్య శాఖవారు కొలరాడో, నెబ్రాస్కా రాష్ట్రములనుండి 112 ఎల్క్‌లను తెప్పించి, బఫెలో నది చెంత న్యూటన్ కౌంటీలో విడిచిరి. ఈసారి మంద నిలిచినది. 1998లో పరిమితమైన వేటకు సయితము అనుమతి లభించునంతగా పెరిగినది. నేడు లోయలో కనబడునవి ఆ 112 దుప్పుల సంతానము.

ఇట్టి కథయే మన పూర్వుల దేశములోను జరిగినది. రాజులు జింకల వేటకై పెంచిన చీతా, అనగా వేటచిరుత, భారతదేశమున నశించినదని 1952లో ప్రకటించిరి. ఆసియా చీతాలు నేడు ఇరాను దేశమున మాత్రమే, అదియు కొద్ది సంఖ్యలో, మిగిలియున్నవి. 2022 సెప్టెంబరులో నమీబియానుండి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి పండ్రెండు చీతాలను విమానములలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అరణ్యమున నుంచిరి. అవి ఆఫ్రికా ఉపజాతికి చెందినవి. కొన్ని మరణించినవి, కొన్ని అచ్చటనే పిల్లలను కన్నవి.

బదులు తెచ్చినచో చాలునను వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. వారు మూడు కారణములు చెప్పుదురు. మొదటిది: అడవికి కావలసినది గడ్డి మేయు నోరు, జింకను పట్టు పాదము, ఆ పని జరిగిన చాలును. రెండవది: తూర్పు ఎల్క్ నిజముగా వేరు ఉపజాతి యగునా కాదా యని శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయము లేదు, భేదము పేరులో మాత్రమే యున్నచో శోకింపనేల? మూడవది వేదాంతమును ఆశ్రయించినది: ఆత్మకు నాశము లేదు, దేహము వస్త్రమువంటిది, ఒకటి చినిగిన నింకొకటి లభించును.

మూడవ వాదమునకు మొదట సమాధానము చెప్పుదును. వస్త్రము చినిగినచో వేరొకటి ధరింపవచ్చును, నిజమే. కాని జాతి యనునది మగ్గమువంటిది. ఆ మగ్గముపై అట్టి వస్త్రములు వేల ఏండ్లుగా నేయబడుచు వచ్చినవి. ఒక దుప్పి మరణించినచో ఒక వస్త్రము చినిగినది. కడపటి దుప్పి మరణించినచో మగ్గమే విరిగినది, నేత కూడ మరువబడినది. ఆత్మ అమరమను మాట దుఃఖములో నున్నవానికి ఓదార్పుగా చెప్పబడినది. దానిని ఒకరి మగ్గము విరుగగొట్టుటకు అనుమతిపత్రముగా వాడుకొనుట వేదాంతము కాదు.

ఇక పేరు విషయము. పేరు శాస్త్రజ్ఞులు పెట్టినది. రేపు వారే మార్చవచ్చును. ఏ వాగును ఎచ్చట దాటవలెనో, ఏ కొండవాలున చలికాలపు మేత దొరకునో, తల్లి వెనుక నడచి పిల్ల నేర్చుకొన్న ఎరుక ఈ కొండలలో తరతరములుగా సాగివచ్చినది. పుస్తకములో పేరు ఉన్నను, కొట్టివేయబడినను, ఆ వరుస తెగిన మాట నిజము. కొలరాడోనుండి వచ్చిన దుప్పి ఇచ్చటి వాగును మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది.

పని జరిగిన చాలునను మొదటి వాదము మన చెవులకు కొత్తది కాదు. 1835లో మారిషస్‌లో బానిసత్వము రద్దయినప్పుడు చెరకు తోటల యజమానులకు కావలసినది పని. విడుదలయిన వారి చోట నిలుపుటకు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులను వారు భారతదేశమున వెదకిరి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుండి ఓడ యెక్కిన మన తాతముత్తాతలను అచ్చట కోరంగివారనియే పిలిచిరి. ఒక్కొక్కరికి ఒక అంకె నిచ్చిరి. ఒకడు జ్వరముతో పోయినచో రాబోవు ఓడలో మరియొకడు. తోట పుస్తకములో చెరకు నరకు చేతుల సంఖ్య సరిపోయినచో లెక్క సరిపోయినట్లే. కాని పోయినవాని భార్యకు ఆ లెక్క సరిపోయినదా? అతని పాట, అతని ఊరి పేరు, అతడు అమ్మోరికి చెల్లించు మ్రొక్కు రాబోవు ఓడలో వచ్చినవా?

మనుష్యుని మృగముతో సమానము చేయుచున్నానని ఎవరును తలపవలదు. మన పెద్దలు పడిన కష్టమునకు దుప్పుల కథ సాటి రాదు. అయినను ఆ రెండుచోట్ల జరిగిన తప్పునకు వేరు ఒక్కటే: ఎదుటి ప్రాణిని దాని వలన జరుగు పనితో మాత్రమే కొలుచుట. ఆ కొలత బరువును తమ వీపులపై మోసినవారి సంతానము మనము. మనమే దానిని చేతబట్టి అడవిలోనికి పోవుట మనకు శోభింపదు.

ఇంతమాత్రమున, కొత్తగా వచ్చినవానిని నకిలీలని తూలనాడినచో అది మరియొక అన్యాయమగును. ఆ 112 దుప్పులు తమంతట తాము రాలేదు, తేబడినవి. ఇచ్చట పుట్టిన వాని పిల్లలకు ఈ లోయయే జన్మభూమి, తోటలలో పుట్టిన మన తాతలకు ఆ దీవియే జన్మభూమి యైనట్లు. మారిషస్ అడవులలోని జావా లేడిని చూడుడు. 1639లో డచ్చివారు దానిని జావానుండి తెచ్చి విడిచిరి. నేడు ఆ దీవిలో అది విరివిగా నున్నది. స్వస్థలమగు జావా, బాలి దీవులలో తగ్గిపోయి, అపాయములో నున్న జాతుల పట్టికకు ఎక్కినది. పుట్టినింట తరిగినది పరాయి నేలపై నిలువవచ్చును. ఉగాదిని దేశమంతటికి సెలవుదినముగా సంపాదించుకొన్న మారిషస్ తెలుగువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

భాష విషయమున ఇది మరింత స్పష్టము. మా నాయనమ్మ నోట వినిన తెలుగు ఓడలతో వచ్చి, చెరకు తోటలలో క్రియోలుతో కలిసి పెరిగిన పలుకు. కోవెలలోని తరగతిలో నేను దిద్ది నేర్చుకొన్నది గ్రంథముల తెలుగు. ఈ రెండవది నాకు ఎంతో ఇచ్చినది. దానివలననే ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుచున్నాను. అయినను అది నాయనమ్మ తెలుగునకు బదులు కాదు. ఆమె వంటింట వాడిన మాటలు కొన్ని నాకు ఏ పుస్తకమునను దొరకలేదు, ఆమెతోనే పోయినవి. వచ్చినదానియెడ కృతజ్ఞత, పోయినదానికై దుఃఖము, ఈ రెండును ఒకే హృదయమున నిలువదగినవి. ఒకదానితో రెండవదానిని తుడిచివేయ ప్రయత్నించినప్పుడే మనము అసత్యమాడినవార మగుదుము.

అట్లయిన మన కర్తవ్యమేమి? బదులు దొరకదని తెలిసినవాడు మిగిలినదానిని జాగ్రత్తగా చూచుకొనును. ఆర్కన్సాలో నల్ల ఎలుగుబంట్లు దాదాపు నశించినప్పుడు వైట్ నది దిగువ పల్లపు అడవులలో కొద్దిపాటివి మిగిలెను. 1958 నుండి 1968 వరకు మిన్నెసోటానుండియు, కెనడాలోని మానిటోబానుండియు రెండు వందల యేబదికి పైగా ఎలుగులను తెచ్చి కొండ అడవులలో విడిచిరి. పల్లములోని పాత వంశము కూడ నేటికిని నిలిచియున్నది. కొత్తది వచ్చినను పాతది తెగలేదు. ఎఱ్ఱ తోడేలు కథ ఇంకను సన్నని దారముపై నడచినది. 1980 నాటికి అది అడవిలో లేకుండ పోయెను. ముందుగా పట్టి కాపాడిన వానిలో పదునాలుగింటి సంతానమే నేటి ఎఱ్ఱ తోడేళ్లన్నియు. 1987 నుండి ఉత్తర కరోలినాలో కొన్నిటిని అడవిలో విడిచి కాపాడుచున్నారు.

బెంటన్‌విల్ సమీపముననే మరియొక చిన్న ప్రాణి కలదు: ఓజార్క్ పెద్దచెవుల గబ్బిలము. ఈ ఉపజాతి వాయవ్య ఆర్కన్సా, ఈశాన్య ఓక్లహోమా ప్రాంతపు కొద్ది గుహలలో తప్ప నేడు లోకమున మరెక్కడను లేదు. బరువు పది గ్రాములకు అటునిటు. చెవులు అంగుళమునకు పైగా నుండును. ఏడాదికి ఒక్క పిల్ల. 1979 నుండి దానికి చట్టపు రక్షణ కలదు. దాని మూలజాతి పడమటి అమెరికాలో విస్తారముగా నున్నది గనుక, ఉపజాతియే గదా, పోయిన నేమి యని అనువారు లేకపోలేదు. చలికాలమున అది నిద్రించుచుండగా మనుష్యుడు దీపముతో గుహలో ప్రవేశించినచో ఉలికిపడి మేల్కొనును. వసంతము వరకు దాచుకొన్న కొవ్వు అట్లు ఖర్చయిపోగా ఆకలితో మరణించును. అందుచే కొన్ని గుహల ముఖములకు, గబ్బిలము దూరగలిగి మనిషి దూరలేని ఇనుప కటకటాలు అమర్చిరి. దానియెడ మన ధర్మము లోనికి పోకుండుట మాత్రమే. ఇంతకంటె సులభమైన ధర్మము నాకు కనబడదు.

అన్ని ధర్మములు ఇంత సులభములు కావు. మారిషస్‌లోని చిన్న పండ్లగబ్బిలము పందొమ్మిదవ శతాబ్దమున నశించినది. దాని పెద్ద దాయాది నేటికిని కలదు. లిచీ, మామిడి పండ్లను పాడుచేయుచున్నదని 2015, 2016 సంవత్సరములలో ప్రభుత్వము వానిని వేలకొలది చంపించినది. స్వదేశపు అడవి చెట్ల విత్తనములను వెదజల్లునదియు ఆ గబ్బిలమే. కాని పెరటిలో ఒక్క లిచీ చెట్టు మాత్రమే గల పేదవాని నష్టము కూడ నిజమైనది. గబ్బిలమును ప్రేమింపుమని అతనికి ఉపదేశించి ఊరకుండుట ధర్మము కాదు. ఆ చెట్టుకు కప్పు వల ఖర్చును అందరును పంచుకొనవలెను. జాతి యందరి సొత్తయినచో దాని భారమును అందరిదే.

సోదర సోదరీమణులారా, మన ఆదివారపు తరగతులలో పిల్లలకు ఏనుగు, సింహము, పులి యని నేర్పుచున్నాము, మంచిదే. వారు పుట్టిన నేలపై ఇంకను జీవించియున్న ప్రాణుల పేర్లను కూడ తెలుగులో నేర్పుదము. పోయిన వాని పేర్లను సయితము చెప్పుదము. పేరు చెప్పి తలచుకొనుట మన పితృకార్యములలోని పద్ధతియే గదా. తలచుకొన్నంత మాత్రమున పోయినవి తిరిగిరావు, ఋణము తీరదు. ఋణమున్నదని మరువకుండ నుండినవాడు మాత్రము మరియొక ఋణము చేయుటకు వెనుకాడును. మన పిల్లలకు అట్టి వెనుకాటు అలవడుగాక, మిగిలిన జీవులెల్ల తమ తమ నెలవులలో వర్ధిల్లుగాక యని ప్రార్థించుచున్నాను.