కర్తలేని క్రియ

వాక్యమునకు కర్త, కర్మ, క్రియ యని మూడంగములు కలవని బాలురు బడిలో మొట్టమొదట నేర్చుకొందురు. "రైతు చేను కోసెను" అన్నచో కోసినవాడెవడో, జరిగిన పని యేదో తెలియుచున్నది. "చేను కోయబడెను" అన్నచో పని తెలిసినను పనివాడు తెరచాటునకు పోవును. ఈ కర్మణి ప్రయోగము తెలుగునకంత సహజము కాదని పండితులు చెప్పుదురు. భాషలో నిది చిన్నలోపమే. మన నడవడిలో నిదియే పాతుకొన్నచో చిన్నలోపమని యుపేక్షింపరాదు.

నేడు మన నిత్యవ్యవహారమున వినవచ్చు మాటలను చదువరులు గమనింతురు గాక. "కార్డు రద్దయినది." "జాబితాలో పేరు పోయినది." "పోర్టలు తీసికొనుట లేదు." "ఫోనులో అట్లు వచ్చినది." ఎవరు రద్దు చేసిరి? ఎవరు పేరు తీసివేసిరి? ఎవరు పంపిరి? అడిగినచో సమాధానము లేదు. క్రియ కలదు, దాని ఫలమనుభవించు మనుష్యుడు కలడు, కర్త మాత్రము కానరాడు. యంత్రము నడుమ నిలిచి చేసిన పనికి బాధ్యులెవ్వరు? ఇదియే నేను విచారింపదలచిన ప్రశ్న.

ఇందులకై దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున రంగారెడ్డి జిల్లాలో నిబ్రహీంపట్నమను నూరు కలదు. అచ్చటి పెద్దచెరువు కుతుబ్‌షాహీల నాటిది. దాని చుట్టుపట్ల మంగళపల్లి, షేరిగూడ మున్నగు గ్రామములలో నింజనీరింగు కళాశాలలు వెలసినవి. ఆ మండలముననే యాదిభట్లలో విమానముల భాగములు తయారగుచున్నవి. నాలుగువందల యేండ్లు దాటిన యంత్రమును, నిన్నమొన్నటి యంత్రములును అచ్చట నొక్కచోటనే చూడవచ్చును. చెరువును యంత్రమనుటకు సందేహింప బనిలేదు. కట్ట, తూము, అలుగు, కాలువ అను నంగములతో వాననీటిని నిలిపి, కొలిచి, పంచిపెట్టు యంత్రమది. తెలంగాణపు పల్లెలలో తూము నెత్తి నీరు విడుచుటకు నీరటివాడుండెడివాడు. ఒకని మడి నిండి వేరొకని మడి యెండినచో నెవ్వని నడుగవలెనో యూరివారందరికిని తెలియును.

అంతమాత్రమున పాతకాలమే బంగారుకాలమనుట న్యాయము కాదు. నీరటివాడు ధర్మమును చూచి తూమెత్తెనా, దొర మొగము చూచి యెత్తెనా? పట్వారి దస్త్రములో వ్రాసినదే భూమికి సాక్ష్యమైన దినములలో కర్త యెవ్వడో లోకవిదితమే. ఆ కర్తను నిలదీయు ధైర్యము మాత్రము పేదరైతునకు లేదు. పేరు తెలిసిన మాత్రమున న్యాయము దొరకదు. పేరు తెలియవలెను, దానితో ప్రశ్నించు హక్కును ఉండవలెను. వంశపారంపర్యముగ సాగిన యా గ్రామాధికారుల యుద్యోగములను 1984లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రద్దుచేసినపుడు పల్లెలు సంతోషించుటకు కారణ మిదియే.

ఇచ్చట నా కళాశాలలలో చదువు యువకుడొక పూర్వపక్షము చేయవచ్చును. "అయ్యా, యంత్రమునకు కులము లేదు, బంధుప్రీతి లేదు, లంచము పట్టుటకు చేయి లేదు. పట్వారి చేసిన యన్యాయమునకు విరుగుడు కంప్యూటరే కదా?" ఈ మాటలో నిజము లేకపోలేదు. కాగితమునకై నెలల తరబడి తిరిగిన పని నిమిషములలో నగుచున్నది. చేతినున్న ఫోనుతో డబ్బు పంపుట, చూపులేనివారు పుస్తకమును చదివించుకొని వినుట, పొరుగుదేశమున నున్న బిడ్డ మొగము తల్లి చూచుట — ఇవన్నియు మేలులే. మేలును కాదనువాడు సంస్కర్త కాడు. అయినను ఆ యువకుని వాదమునకు సమాధానము ఆ మండలపు భూములలోనే కలదు.

తెలంగాణ ప్రభుత్వము 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దుచేసి, ఆ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి యను పోర్టలును ప్రారంభించెను. రిజిస్ట్రేషనును, పట్టామార్పిడియు నొక్కచోట, ఒక్కదినముననే ముగియవలెనను నుద్దేశము మంచిదే. తప్పులేని భూమి కలవారికి సౌకర్యము కలిగెను. కాని యెక్కిన లెక్కలో తప్పున్నవాని గతి యేమి? ఒక సర్వే నెంబరులో కొంతభాగము వివాదమున నున్నచో నెంబరంతయు నిషిద్ధజాబితాకు పోయెను. విస్తీర్ణము తగ్గెను, పేరు మారెను. రైతు తహశీలుదారు కడకు పోయి మొరపెట్టుకొన్నచో, "పోర్టలులో ఆప్షను లేదు, మా చేతిలో లేదు" అని బదులు. ఆ యధికారి యబద్ధమాడలేదు. నిజముగనే యాతని చేతిలో లేదు. పట్వారి కాలమున కర్త యెదుట నున్నను అడుగుటకు భయము. ఈ కాలమున అడుగుటకు భయము లేదు, ఎదుట కర్తయే లేడు. భూమిధర లింతగా పెరిగిన పట్టణపు పొలిమేరలో నది యెంతటి యార్తియో చెప్పనేల? తుదకు 2025 ఏప్రిలులో ధరణికి బదులు భూభారతి వచ్చెను. దానితో నప్పీళ్ల కవకాశము కల్పించిరి. గ్రామమునకు మరల పాలనాధికారిని నియమించిరి. కంప్యూటరును తీసివేయలేదు సుమా! అడుగుటకొక మనుష్యుని తిరిగి నిలిపిరి. ఆ మనుష్యుడెట్లు నడచుకొనునో కాలము చెప్పవలెను. కాని మనుష్యుడు కావలెనను సత్యమును ప్రభుత్వమే యొప్పుకొన్నది.

రేషను కార్డుల కథయు నిట్టిదే. ఒక కుటుంబమునకు వాహనమున్నదా, ఆస్తిపన్ను కట్టుచున్నదా, ఉద్యోగమున్నదా యని పలుశాఖల పట్టికలను జోడించి చూచుటకు తెలంగాణలో సమగ్రవేదిక యను నేర్పాటు కలదు. పట్టికలలోని పేర్లును చిరునామాలును కలిసినచో నిరువురు నొక్కరేయని యంత్రము లెక్కించును. ఒక్క వాడలో నెందరు లక్ష్ములు, ఎందరు శ్రీనివాసులు, ఎందరు మహమ్మదులు కలరో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఒకరి కారు మరియొకరి పేర పడినచో బియ్యము నిలిచిపోవును. 2016 మొదలు సుమారు 19 లక్షల కార్డులు రద్దయినవని, ముందుగా నోటీసులైన లేవని వ్యాజ్యము నడువగా, 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఇంటింటికి పోయి తిరిగి విచారింపుమని రాష్ట్రమును ఆదేశించెను. ఇందులో ననర్హుల కార్డులు పెక్కుండవచ్చును, దానిని కాదనను. కాని నూటికి తొంబదితొమ్మిది పాళ్లు సరిగ చెప్పితిమనుట యంత్రమునకు గొప్ప. మిగిలిన యా యొక్క పాలు ఒక యింటి కంచము. ఆ యింటి ముదుసలికి, "నీవు లెక్కలో దోషమవు" అని చెప్పువారు కూడ లేరు.

ఇట్టి కాలమున కొందరు యువకులు క్రొత్త యంత్రమును కనిపెట్టుటకంటె, కానరాని కర్తను వెదకుటయే తమ పనిగ పెట్టుకొనిరి. హైదరాబాదునకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి యట్టివాడు. ఆయనయు అంబర్ సిన్హాయు కలిసి బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పక్షమున 2017 మే నెలలో నొక నివేదిక ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల యాధారు నెంబరులు ఎవరైనను చూచునట్లు బహిరంగముగ నున్నవని దాని సారము. ఆ నాలిగింట రెండు ఆంధ్రప్రదేశమునకు సంబంధించినవే: ఉపాధిహామీ చెల్లింపులది యొకటి, చంద్రన్న బీమా యొకటి. తలుపు తెరచిపెట్టినదెవరని ముందు విచారింపవలసియుండగా, ఆధారు సంస్థ యా పరిశోధన చేసిన సంస్థకు లేఖ వ్రాసి, లోనికెట్లు చూడగలిగితిరని వివరణ యడిగెను. 2018లో తెలంగాణ శాసనసభ యెన్నికలనాడు ఓటువేయబోయిన పలువురు తమ పేర్లు జాబితాలో లేవని యాక్రోశించిరి. ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగముగ క్షమాపణ చెప్పెను. ఆధారుతో జోడించి సాఫ్టువేరు సాయమున పేర్లు తొలగించిన విధానమును ప్రశ్నించుచు కొడాలి యప్పటికే హైకోర్టుకెక్కియుండెను. ఆయన చెప్పు ప్రతిమాటను నొప్పుకొనవలెనని నే ననను. కాని యిట్టివారిని ప్రగతికి అడ్డుపడువారని నిందించుట తగదు. వంతెన కట్టిన యింజనీరు ఎంత యవసరమో, దాని పగులును చూపువాడును అంత యవసరము.

ఇంతవరకు ప్రభుత్వములను గూర్చి చెప్పితిని. ఇక మన యిండ్లలోనికి రావలెను. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలంగాణమున ఫోను నుండి ఫోనునకు వదంతులు ప్రాకినవి. తెలియనివారు కనబడినంతనే జనులు గుమిగూడి కొట్టిరి. నిరపరాధుల ప్రాణములు పోయినవి. ఆ మరణములకు కర్త యెవ్వడు? మొదట వ్రాసినవాడు దొరకడు. పంపినవారు, "మేము వ్రాయలేదు, వచ్చినదానిని పంపితిమి" అందురు. వాట్సాపువారు, "మేము బాట మాత్రమే వేసితిమి" అందురు. గుంపులోనివాడు, "అందరితో పాటు నేనొక దెబ్బ వేసితిని" అనును. ఇందరి చేతులు కలిసినను హంతకుడు లేడట! ఆ పంపినవారిలో చదువుకొన్నవారు లేరా? తల్లులు లేరా? బిడ్డలపై ప్రేమచేతనే పంపియుందురు. ప్రేమ మంచిదే, విచారణ లేని ప్రేమ పరుల బిడ్డను చంపినది.

ఆ సమయముననే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగ నుండిన రెమా రాజేశ్వరి చేసిన పని గమనింపదగినది. ఊరికొక కానిస్టేబులును బాధ్యునిగ నిలిపి, ఇంటింటికి పంపి, జానపదగాయకులచే పాటలు పాడించి, ఆ వదంతులు కల్లలని చెప్పించెను. మొగములేని సందేశమునకు మొగమున్న మనుష్యుని ఎదురు నిలిపెననుట సమంజసము. ఊరివారి కాతని పేరు తెలియును. రేపు మరల వచ్చునని తెలియును. తప్పు చెప్పినచో నడుగవచ్చును. వాట్సాపువారును జూలై నెలలో నొక్కసారి యైదుగురికి మించి పంపరాకుండ మన దేశమున కట్టడి చేసిరి. ఆ కట్టడి వ్రేలికే కాని మనస్సునకు కాదు.

కొందరు తత్త్వము చెప్పుదురు: వందలమంది కలిసి చేసిన యంత్రమున ఒక్కని కర్తయనుట ఎట్లు? ప్రోగ్రాము వ్రాసినవా డొకడు, పట్టిక నింపినవా డొకడు, ఉత్తరువు చేసినవా డొకడు, మీట నొక్కినవా డొకడు. నిజమే. కాని మన పెద్దలకీ చిక్కు క్రొత్తది కాదు. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున కార్యమునకైదు హేతువులు చెప్పుచు, కర్తను వేరుగను కరణములను వేరుగను లెక్కించినారు. కరణమనగా పనిముట్టు. యంత్రమెంత తెలివిగలదైనను కరణమే. మన ప్రశ్నలకు జవాబులల్లి చెప్పు నేటి కృత్రిమ మేధయు నంతియే. కరణమును కర్తయని పిలిచితిమా, అసలు కర్త మెల్లగ తప్పుకొనును. చేసినవానితో పాటు చేయించినవానికిని, పురికొల్పినవానికిని, ఔననినవానికిని ఫలమున భాగమున్నదను తలపు మన ధర్మవిచారమున పాతదే. భాగములు పెక్కైనంత మాత్రమున నప్పు తీరదు. పదిమంది కలిసి చేసిన యప్పును పదిమంది నడుగవలసినదే కాని, పదిమంది యున్నారు గనుక అప్పే లేదనుట యే వ్యాపారియు నొప్పుకొనడు.

కావున క్రొత్త యంత్రమేదైనను ఇంటికిగాని, ఆఫీసుకుగాని, ప్రభుత్వమునకుగాని వచ్చినపుడు, అది యెంత వేగముగ పనిచేయునని మాత్రమే కాక మూడు ప్రశ్నలు వేయవలెనని నా మనవి. దీని నిర్ణయమునకు పేరుతో నిలుచువారెవరు? కారణమడిగినచో, అడిగినవారికి తెలియు భాషలో చెప్పుదురా? తప్పైనచో, దిద్దు నధికారము చేరగల దూరమున నున్నదా? ఈ మూటికి బదులున్న యంత్రమును స్వాగతింతము. బదులులేని యంత్రము పట్వారి దస్త్రమునకు మెరుగుపెట్టిన రూపమే.

గృహస్థులు చేయదగినదియు కలదు. పదిమందిలో నిలిచి, నా పేరు చెప్పి యీ మాట ననగలనా యని తమ్ము తామడిగికొని, అనగలిగిన దానినే పంపవలెను. "ఫోనులో వచ్చినది" అని పిల్లవాడన్నపుడు, "ఎవరు చెప్పిరి నాయనా?" అని తల్లి యడుగవలెను. పొరుగింటి వితంతువు పింఛను నిలిచి, ఆమె కంప్యూటరు ఎదుట నోరులేనిదై నిలుచున్నపుడు, చదువుకొన్నవారొకరు వెంటపోయి, ఎవరి యుత్తరువుపై నిలిచినదో వ్రాసియిమ్మని సమాచారహక్కు చట్టము క్రింద నర్జీ పెట్టవలెను. 2005 నుండి యా హక్కు మనకు కలదు. దానిని వాడనివాడు కర్త కానరాడని విలపించుట వ్యర్థము. ఇబ్రహీంపట్నపు కళాశాలలలో నేడు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్న వేలకొలది యువకులు, యువతులు రేపు ఇట్టి యంత్రములనే నిర్మింతురు. వారి తలిదండ్రులు జీతమెంతయని యడుగుదురు, తప్పులేదు. దానితో పాటు, నీవు వ్రాసిన దానివలన ఎవరి పేరైన పోయినచో నతడెవరి కడకు రావలెనని కూడ నడుగుదురు గాక!