తొమ్మిది నుంచి పన్నెండు దాకా

మా అక్క కొడుకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. 2020లో ఆఫీసులు మూతపడ్డప్పుడు పెళ్ళాంబిడ్డల్తో ఎస్.కోట వచ్చినవాడు ఇక్కడే ఉండిపోయాడు. పగలంతా మేడమీద గదిలో తలుపేసుకుని ఇంగ్లీషులో మాట్లాడుతూంటాడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి అదే కుర్చీలో కూర్చుని బొమ్మలు గీస్తాడు. మీటింగుల మీదా, మేనేజర్ల మీదా, పుణ్యగిరి జాతరలో దేవుడికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకునేవాళ్ల మీదా బొమ్మల కథలు! ఇంటర్నెట్‌లో పెడతాడు. ఎక్కడెక్కడివాళ్లో చూసి నవ్వుకుంటారట. దమ్మిడీ రాదు.

"నెల తిరిగేసరికి జీతం వస్తోంది కదా, ఇంకా ఈ గీతలెందుకురా కళ్లు పాడుచేసుకోడానికి?" అని మా అక్క సణుగుడు.

"జీతం మేనేజరుకొస్తుందమ్మా, నాక్కాదు," అన్నాడు వాడోసారి.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అన్నం పెట్టే పని చేసేవాడు అసలు మనిషా? ఎవరూ అడక్కపోయినా కూర్చుని గీసేవాడు అసలు మనిషా?

మన ఉత్తరాంధ్రలో ఇదేమీ కొత్త ప్రశ్న కాదు లెండి. రావిశాస్త్రిగారు విశాఖలో ప్లీడరు. 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావుగారు బడిలో మాస్టారు. లోకమంతా కారా మాస్టారనే పిలిచేది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టిందీ ఆయనే. ప్రియాగ్రహారంలో 1913లో పుట్టిన శ్రీపాద పినాకపాణిగారు రోగులకి నాడి చూసి, వైద్య విద్యార్థులకి పాఠం చెప్పిన డాక్టరుగారు. ఆయనకే 1983లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. వీళ్లలో ఎవరికి ఏ పని అసలుది, ఏది కొసరు?

నన్నడిగితే ఆ విడదీయడమే తప్పనిపిస్తుంది. కోర్టు మెట్లెక్కి దిగకపోతే రావిశాస్త్రిగారికి 'ఆరు సారా కథలు'లోని మనుషులు ఎక్కడ దొరుకుతారు? అమెరికాలో స్కాట్ ఆడమ్స్ అనే ఆయన 1989లో 'డిల్బర్ట్' బొమ్మలు మొదలుపెట్టి, 1995 దాకా టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం వదల్లేదు. తెల్లారకుండా లేచి గీసేవాడు, ఆపైన ఆఫీసుకెళ్లి మర్నాటికి కావలసిన సరుకు చూసుకునేవాడు. మా ఊరిమీదుగా పోయే కిరండూల్ లైను చూడండి. 1960లలో బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దించడానికి వేశారు. ఇవాళ అరకు కొండలు చూడ్డానికి జనం అద్దాల బోగీలో వెళ్తున్నదీ ఆ పట్టాల మీదే. రాయికో లైనూ, సరదాకో లైనూ లేవు.

ఇంతవరకూ ఆలోచించి, బాగానే తేల్చాననుకున్నాను. ఓ రాత్రి పనసపొట్టు ఇద్దామని వాళ్లింటికి వెళ్లేదాకా.

తొమ్మిదిన్నర. వాడు మేడమీద ఉన్నాడు. కింద మా కోడలు పాలు తోడేస్తోంది. పిల్ల లెక్కల పుస్తకం ఓపక్క తెరిచి ఉంది. పొద్దుటి కేరేజీలకి బెండకాయలు కడిగి బట్ట మీద ఆరబోసింది. తనూ ఇక్కడే ఓ స్కూల్లో టీచరు. పెళ్లికి ముందు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న పిల్ల. ఆ పెట్టె బీరువా మీద, పండగలకి తీసే ఇత్తడి గంగాళం వెనకాల, కనిపించీ కనిపించకుండా ఉంది.

"వాయిస్తున్నావుటే?" అన్నాను.

"నాకు ఖాళీ అయ్యేసరికి పన్నెండవుతుంది అత్తయ్యా. అప్పుడు వాయిస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా?" అని నవ్వింది. నిష్ఠూరమేం లేదు ఆ నవ్వులో. అదే నాకు కష్టంగా తోచింది.

వాణ్ణి నాలుగూ దులుపుదామని మేడమెట్లు ఎక్కబోయాను. నాలుగో మెట్టు మీద కాలు ఆగిపోయింది.

నా మొదటి నవలలు మధ్యాహ్నాలు కూర్చుని రాసినవి. ఆ మధ్యాహ్నాలు నాకెక్కడివి? "నువ్వు కూకుని రాసుకో తల్లీ, పొయ్యికాడ నానున్నాను కదేటి!" అనేది మా అత్తగారు. ఆవిడకి అక్షరం రాదు. నేనేం రాస్తున్నానో ఒక్కనాడూ అడగలేదు. నా పుస్తకాలు మా నాన్నకి అంకితమిచ్చాను, మావారికిచ్చాను, బి.ఎ.లో పాఠం చెప్పిన లెక్చరరుగారికిచ్చాను. ఆవిడకివ్వాలని తోచనే లేదు. నాలుగేళ్లయింది ఆవిడ పోయి.

అంకితమిచ్చినంత మాత్రాన తీరేదా అంటే తీరదు. గంట అప్పు తీసుకుంటే గంటే తిరిగివ్వాలి, పేజీ ఇస్తే చెల్లదు. అలాగని రాయకుండా ఉండవలసింది అని కూడా అనలేను. రాయకపోతే నేను బతికుండేదాన్ని గానీ, నేనుగా ఉండేదాన్ని కాదు. కారా మాస్టారు స్కూలునుంచి వచ్చి సంచీ పట్టుకుని కూరలకి మాత్రమే పోయి ఉంటే మనకి 'యజ్ఞం' ఏది? కళ అన్నది ఎవరో ఒకరి వేళ తిని పెరుగుతుంది కాబోలు. ఇష్టపడి ఇస్తే అది దానమే. కానీ అడక్కుండా తీసుకుని, ఇచ్చినట్టు వాళ్లకీ తెలీకుండా ఉంటే దాన్నేమనాలి? మా అత్తగారు ఇచ్చానని తెలిసే ఇచ్చింది. మా కోడలికి తను ఏం ఇస్తోందో తెలుసా అన్నది నా అనుమానం.

ఆ రాత్రి మెట్లు దిగి వచ్చేశాను. వారం పోయాక వాడితో మా అత్తగారి సంగతే చెప్పాను, వాడి సంగతి ఎత్తలేదు. వాడు తెలివైనవాడు. కాసేపు గోళ్లు చూసుకుంటూ కూర్చుని, "ఆ వయొలిన్ తీగలు విజయనగరంలో దొరుకుతాయా పిన్నీ?" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వంటిల్లు వాడిది. మొన్న వాళ్ల వీధిలోంచి వస్తూంటే వినపడింది. చాలా ఏళ్లకి పట్టిన కమాను కదా, అపస్వరాలు దొర్లుతున్నాయి. మధ్యలో కుక్కరు నాలుగు కూతలు కూసింది. నాకే ప్రాణం ఒప్పక లోపలికి వెళ్లి స్టవ్వు కట్టేద్దామా అనిపించింది. వెళ్లలేదు. ఆరో కూతకి ఎవరో కట్టారు.

వాడి బొమ్మలు వారానికి మూడు వచ్చేవి ఒకటైపోయాయి. ఏమైందని చూసేవాళ్లు అడుగుతున్నారట. ఏం రాయాలి పిన్నీ అని నన్నడిగాడు. నేనూ ఇంకా ఆలోచిస్తున్నాను.