దోషము చెప్పుకొను గోష్ఠి

మద్యము మానదలచినవాడు తన దౌర్బల్యమును నలుగురిలో చెప్పుకొనుట మానహానియా? పరువు పోవునని ఎన్నో కుటుంబములు ఈ వ్యాధిని తలుపుచాటున దాచును. దాచినకొలది అది ముదురును.

1935 మే నెలలో, అప్పటికి ఐదు నెలలుగా మద్యము ముట్టని బిల్ విల్సన్ అను అమెరికా దేశీయుడు వ్యాపారమునకై ఆక్రన్ నగరమునకు వచ్చెను. తలపెట్టిన పని చెడి, మరల త్రాగవలెనను కోరిక పుట్టగా, పానశాలకు పోక, తనవంటి త్రాగుబోతు మరియొకడు గలడా యని టెలిఫోనులో విచారించెను. అట్లు లభించినవాడు బాబ్ స్మిత్ అను వైద్యుడు. విల్సన్ వెదకినది తన్ను ఉద్ధరించువానిని కాదు, తాను సాయపడదగినవానిని! ఆ యిరువురి సంభాషణమునుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది.

నేడు హైదరాబాదు మొదలగు మన నగరములలోను ఈ సమావేశములు జరుగుచున్నవి. రుసుము లేదు, మానవలెనను కోరికయే అర్హత. అచ్చట విన్నది బయట చెప్పరాదు. (ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ కలుగవచ్చును గనుక, చిరకాలముగా త్రాగువారు ముందు వైద్యుని చూడవలెను.)

నైచ్యానుసంధానమున భక్తులు తమ దోషములను స్వామి యెదుట ఎన్నుకొందురు. దానిని అవమానమని ఎవరందురు? ఇచ్చట వినువారును అదే గోతినుండి లేచినవారు, తీర్పరులు కారు. మొదటిదినము ఆ గడప దాటుటయే కష్టము. భార్యయో, అన్నయో వాకిలివరకు తోడు పోయినను చాలును.