భరతుని లేడి, జూలోని సింహం

జూలో వన్యప్రాణుల రక్షణ అనే మాట కింద రెండు వేరువేరు పనులు జరుగుతాయి. ఆపదలో ఉన్న ఒక ప్రాణిని ఆదుకోవడం మొదటిది. అంతరించిపోయే జాతిని నిలబెట్టడం రెండోది. మొదటిది దయతో చేసే పని, కళ్లెదుట ఉన్న ఒక్క జీవి బాధ చూసి మొదలవుతుంది. రెండోది బాధ్యతతో చేసే పని, ఇంకా పుట్టని తరాలను లెక్కలోకి తీసుకుంటుంది. రెండింటికీ బోను కావాలి. అడవిలో తిరగవలసిన జీవిని దాని మేలు కోసమే బంధించవచ్చా అన్న ధర్మసందేహం అక్కడే పుడుతుంది.

భాగవతం పంచమ స్కంధంలోని భరతుడి కథ ఈ సందేహాన్ని దగ్గరగా చూపిస్తుంది. తెలుగులో ఈ స్కంధాన్ని రాసింది పోతన కాదు, గంగన. రాజ్యం వదిలి గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్న భరతుడి ఎదుట, సింహగర్జనకు బెదిరిన చూలు లేడి ఏరు దాటబోతూ ఈని చచ్చిపోతుంది. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లను ఆయన ఒడ్డుకు చేర్చి పెంచుతాడు. గడ్డి పెడతాడు, క్రూరమృగాలు రాకుండా కాస్తాడు. కాసేపు కనబడకపోతే తోడేలు తినేసిందేమోనని తల్లడిల్లుతాడు. చివరి క్షణంలోనూ దాని ధ్యాసే కావడంతో మరుజన్మలో లేడిగా పుడతాడు. పిల్లను నీళ్లలోంచి తీయడాన్ని ఈ కథ తప్పుపట్టలేదు. కాపాడినంత మాత్రాన అది తనదైపోయిందనుకున్న మమకారాన్ని తప్పుపట్టింది. జూలు చేసే పనిని తూచడానికి ఈ తేడా పనికొస్తుంది.

ఆదుకోవడమే పనిగా పెట్టుకున్న కేంద్రాలు ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల, విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలల ఆధ్వర్యంలో ఉన్నాయి. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతులను ఆటలకు వాడరాదని 1998లో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. దాంతో సర్కసుల్లోని సింహాలు, పులులు ఇలాంటి కేంద్రాలకు చేరాయి. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిన సంకరం. గిర్ అడవిలోని ఆసియా జాతిని నిలబెట్టడానికి అవి పనికిరావు. అందుకే వాటికి పిల్లలు పుట్టకుండా చూస్తారు. వేటాడడం రాదు కనుక అడవిలో వదలడానికీ లేదు. జనానికి చూపించడానికీ కాదు. జాతి లెక్కల్లో అలాంటి సింహం విలువ సున్నా. అయినా మాంసం వేస్తారు, జబ్బు చేస్తే వైద్యం చేస్తారు, అది చచ్చేదాకా సాకుతారు. మనిషి తన వినోదానికి చేసిన అన్యాయానికి ఇది ప్రాయశ్చిత్తం. ఫలం ఆశించకుండా చేసే పనికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ దయకూ ఒక ఖర్చుంది. పావురాన్ని కాపాడిన శిబి చక్రవర్తిని డేగ ఒకే ప్రశ్న అడిగింది: దాన్ని బతికించావు సరే, నా ఆకలి మాటేమిటి? శిబి తన ఒంటి మాంసం కోసి తూచాడు. జూలో సింహానికి వేసే కిలోలకొద్దీ మాంసం మరో ప్రాణిది. ఒక ప్రాణి మీద చూపే దయ ఇంకో ప్రాణికి బాధ కలిగించకుండా సాగడం ఈ లోకంలో అరుదు. డేగ అడిగిన ప్రశ్నకు జూ దగ్గరా పూర్తి జవాబు లేదు.

జాతిని నిలబెట్టే పనికి మూషిక జింక మంచి ఉదాహరణ. నిలబడితే అడుగెత్తు, బరువు మూడు కిలోల చుట్టుపక్కల. కొమ్ములుండవు, మగదానికి పైదవడ నుంచి చిన్న కోరలు దిగుతాయి. తమిళులు దాన్ని సరుగుమాన్ అంటారు, అంటే ఎండుటాకు జింక. పేరు అచ్చంగా సరిపోయింది. అలికిడి వింటే అది ఆకుల మీద కదలకుండా నిలబడిపోతుంది. గోధుమరంగు ఒంటి మీది తెల్ల చుక్కలు, చారలు కొమ్మల సందుల్లోంచి పడిన వెలుగులో కలిసిపోయి, పక్కనే ఉన్నా కంటికి ఆనదు. వేట వల్ల, అడవి తరిగిపోవడం వల్ల ఇది చాలాచోట్ల అరుదైపోయింది. 2010లో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల, పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలిసి దీని సంతతిని పెంచడం మొదలుపెట్టాయి. 2017లో వాటిలో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు.

ఇక్కడ ధర్మం తలకిందులైనట్టు కనిపిస్తుంది. సర్కసు సింహాన్ని ఏ ప్రయోజనమూ చూడకుండా సాకుతారు. మూషిక జింకనేమో ప్రయోజనం కోసమే పెంచి, పులులు, చిరుతలు తిరిగే అడవిలోకి పంపుతారు. వదిలినవాటిలో కొన్ని ఇతర జంతువుల నోట పడవచ్చని వదిలేవాళ్లకూ తెలుసు. భరతుడు భయపడిన తోడేలుకు ఇక్కడ ముందే చోటు ఇచ్చేశారు. వేటాడే జంతువు లేని చోటు తోట అవుతుంది గాని అడవి కాదు కదా. మమకారం లేని రక్షణ అంటే ఇదే. అమెరికాలో కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందుల విషయంలో ఈ ఆలోచన ఇంకా దూరం వెళ్లింది. 1987 నాటికి ప్రపంచంలో మిగిలిన 27 పక్షులనూ పట్టి బోనుల్లో పెట్టారు. ఆకాశం ఖాళీ అయింది. గౌరవంగా అంతరించిపోనివ్వడమే మేలని కొందరు వాదించారు. 1992 నుంచి వాటి పిల్లలను తిరిగి వదలడం మొదలైంది. పిల్లలు మనుషుల చేతికి అలవాటు పడకుండా, కాండోర్ తల ఆకారంలోని చేతితొడుగుతో వాటికి మేత పెట్టారు.

బోనుకు ఒక హద్దు ఉందని పాండ్యనాటి పురాణం కూడా చెబుతుంది. పాండ్యరాజు మంత్రి మాణిక్యవాచకర్ కోసం శివుడు నక్కలను గుర్రాలుగా మార్చి మధురకు పంపాడు. లాయంలో కట్టేసిన ఆ గుర్రాలు రాత్రికి మళ్లీ నక్కలై ఊళలు పెడుతూ అడవికి పారిపోయాయి. దేవుడు చేసినా ఆ మార్పు ఒక్క రాత్రి దాటలేదు, జంతువు స్వభావం పోలేదు. బోను లేకుండా కాపాడే దారీ ఆ నాట కనిపిస్తుంది. ఆముక్తమాల్యద కథ నడిచిన శ్రీవిల్లిపుత్తూరు విరుదునగర్ జిల్లాలో ఉంది. అక్కడి కొండల్లో నెరిసిన వెంట్రుకల పెద్ద ఉడుత కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. 2021లో అది మేఘమలైతో కలిసి పులుల అభయారణ్యమైంది. ఆ ఉడుత చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతూ బతుకుతుంది. పక్కపక్క చెట్ల కొమ్మలు కలిసేచోట గూడు కడుతుంది. నడుమ ఒక చెట్టు కొట్టేస్తే దాని దారి తెగిపోతుంది. తూత్తుకుడి జిల్లాలో కృష్ణజింకల కోసం 1987లో వల్లనాడు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. రెండుచోట్లా జంతువును పట్టి తేలేదు, అది ఉన్న చోటునే కాపాడారు. రక్షణలో మొదటి స్థానం ఈ పద్ధతిదే. అది చేతకానప్పుడే జూ అవసరం పడుతుంది.

కాబట్టి బోను ధర్మమా అధర్మమా అన్నదానికి ఒకే జవాబు లేదు. గాయపడినదానికి అది ఆసుపత్రి, తిరిగి వెళ్లలేనిదానికి ఆశ్రమం, అరుదైనదానికి నారుమడి. ఈ మూడూ కాక చూడ్డానికి బాగుందని మాత్రమే ఉంచితే అది చెర. నారుమడిలో పోసిన నారు మడిలోనే ముదిరిపోతే పంట రాదు. వదలడానికి అడవే మిగలకపోతే జూలో ఎన్ని పిల్లలు పుట్టినా ఫలం లేదు.

ఈ విచారణ పొలం గట్టు మీదా పనికొస్తుంది. గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల అన్నిసార్లూ అనాథ కాదు. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్తుంది, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. జాలిపడి ఇంటికి ఎత్తుకొస్తే తల్లి నుంచి వేరు చేసినట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. గాయమో, కుక్కల బెడదో కనిపిస్తే అటవీశాఖకు కబురు చేయాలి. లేకుంటే చప్పుడు చేయకుండా దూరంగా తప్పుకోవడమే దానికి చేయగల మేలు.